రత్నమ్మ పెద్దమ్మ చెప్పని ఓటీపీ

2023 జూలై, ఒక గురువారం ఉదయం. యూనివర్సిటీ క్యాంపస్‌లో మా కంప్యూటర్ సెంటర్ ఇంకా ఊడ్చడం కూడా కాలేదు. తలుపు దగ్గర ఒకాయన టవల్‌లో చుట్టిన లాప్‌టాప్‌ను పొత్తిళ్లలో బిడ్డలా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఆ సెంటర్‌లో నేను ఇరవై రెండేళ్లుగా టెక్నికల్ అసిస్టెంట్‌ని. ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగడం నుంచి ప్రొఫెసర్లు ఎక్కడ దాచుకున్నారో మరిచిపోయిన ఫైళ్లు వెతకడం వరకు అన్నీ నా పనే. పేరు ఎస్తేరు. క్యాంపస్‌లో అందరికీ అక్కను. ఆదివారాలు లాలాపేటలో మా చర్చి సంఘంలో పిల్లలకు బైబిలు వాక్యం చెబుతాను, నెలకోసారి స్త్రీల కూడికలో మాట్లాడతాను. ఆఫీసు పని ఆఫీసులో, దేవుని పని మందిరంలో చేస్తున్నానని అనుకునేదాన్ని.

వచ్చినాయన యాదగిరి. భువనగిరి దగ్గరి పల్లె, వ్యవసాయ కుటుంబం. తార్నాకలో గది అద్దెకు తీసుకుని, జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్నాడు. నాటు జొన్న రకాల మీద ఎనిమిదేళ్ల పని. మూడుసార్లు గడువు పొడిగించారు. ఇక శుక్రవారం సాయంత్రం నాలుగు గంటల్లోగా థీసిస్ అప్‌లోడ్ చేయకపోతే రిజిస్ట్రేషన్ రద్దు.

"రాత్రి మంచిగనే ఉండె అక్కా. పొద్దున లేచి చూస్తే మొత్తం నీలం. ఏందో నలభై ఎనిమిది అంకెలు కొట్టమంటున్నది."

"ఏమన్న నొక్కినవా?"

"నేనేం నొక్కలె. అప్‌డేట్ చేస్కుంట అని ఆర్నెల్ల సంది అడుగుతనే ఉన్నది. నేను తర్వాత, తర్వాత అంటనే ఉన్న. రాత్రి మాత్రం అడగలె. అదే చేస్కున్నది."

నీలం తెర చూడగానే సంగతి అర్థమైంది. ఈ మధ్య కంపెనీలు లాప్‌టాప్‌లోని డిస్క్‌ను తమంతట తామే ఎన్‌క్రిప్ట్ చేస్తున్నాయి. అంటే లోపలున్నదంతా ఎవరికీ అర్థం కాని గుర్తులుగా మార్చి తాళం వేస్తాయి. లాప్‌టాప్ దొంగల పాలైతే మన ఫైళ్లు వాళ్లు చదవలేరు. మంచి పనే. కానీ తాళం వేసినట్టు యజమానికి చెప్పరు. ఆ తాళం తీసే నలభై ఎనిమిది అంకెలను రికవరీ కీ అంటారు. అది కంపెనీ దగ్గర, మన పేరుతో ఉన్న ఆన్‌లైన్ అకౌంట్‌లో పడి ఉంటుంది. అప్‌డేట్‌లో ఏదో తేడా వచ్చిన రోజు, సొంత ఇంటి గడప దగ్గర యజమానిని నిలబెట్టి నువ్వెవరని లాప్‌టాప్ అడుగుతుంది.

"వేరే కాపీ లేదా?"

"పెన్‌డ్రైవ్‌ల మే నెలది ఉన్నది. మా గైడు సారు దాంట్ల రెండు చాప్టర్లు తిరగరాయించిండు. గవన్నీ గీడనే ఉన్నయి." తెర మీద వేలు పెట్టి చూపించాడు.

కంపెనీ తన క్లౌడ్‌లో కూడా కాపీ పెడుతుంది కదా అని యాదగిరి ఫోన్‌లోని యాప్ తెరిచి వెతికాను. పెట్టింది. యాదగిరి చెల్లెలి పెళ్లి ఫోటోలన్నీ ఆయనను అడక్కుండానే ఎక్కించుకుంది. వాటితోనే చోటు నిండిపోవడంతో థీసిస్ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. భోజనాల ఫోటోలే నలభై ఉన్నాయి.

కంపెనీ హెల్ప్‌లైన్‌లో మనిషి లేడు. చాట్ పెట్టెలో ఒక రోబో ఉంది.

"మీ ఇబ్బందికి చింతిస్తున్నాను. ముందుగా మీ లాప్‌టాప్ ఆన్ చేసి సెట్టింగ్స్‌లోకి వెళ్లండి" అంది.

ఆన్ కావడం లేదని రాశాను. అర్థమైంది అంది. లాప్‌టాప్ ఆన్ చేసి సెట్టింగ్స్‌లోకి వెళ్లమంది. నాలుగోసారి కూడా అదే చెప్పి, తన సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని అడిగింది. కోపాన్ని అణచుకోవడం గురించి అంతకు ముందు ఆదివారమే పిల్లలకు పాఠం చెప్పి ఉన్నాను. యాదగిరి నా ముఖం చూసి కీబోర్డును మెల్లగా అవతలికి జరిపాడు.

ఫోన్ యాప్‌లో ఫైళ్లే తప్ప రికవరీ కీ కనబడదు. ఇక మిగిలింది ఒక్కటే దారి. నా ఆఫీసు లాప్‌టాప్ నుంచి అతని అకౌంట్ తెరిచి రికవరీ కీ చూసుకోవాలి. పాస్‌వర్డ్ డైరీలో రాసి పెట్టుకున్నాడు. కొట్టాను. కొత్త మెషీన్ నుంచి వస్తున్నారు కాబట్టి ఓటీపీ పంపిస్తామంది. నంబరు మొత్తం చూపించకుండా చివరి రెండంకెలు మాత్రం చూపించింది.

"నలభై ఏడా? నాది గాదక్కా" అన్నాడు యాదగిరి. "ఎవలదో దొంగ నంబరు. హ్యాక్ చేసిన్రు."

నేను మాత్రం గుర్తుపట్టాను. అది నా పాత నంబరు.

2019లో ఒక స్కీమ్ కింద ముప్పై మంది స్కాలర్లకు లాప్‌టాప్‌లు ఇచ్చారు. వారం రోజుల్లో అన్నీ సిద్ధం చేయాలి. వీళ్లా, ఆఫర్ కనబడితే చాలు సిమ్ మార్చేస్తారు. నంబరు పోతే అకౌంట్ పోతుంది, చివరికి నా దగ్గరికే వస్తారు. అందుకని వాళ్ల మంచికోసమే, ముప్పై అకౌంట్లలోనూ నా నంబరే పెట్టాను. ఒక్కరినీ అడగలేదు. ఆ మరుసటి ఏడు నేనే నంబరు మార్చుకుని, పాత ఫోను సిమ్‌తో సహా మా సంఘంలో రత్నమ్మ పెద్దమ్మకు ఇచ్చేశాను. అందులో ముప్పై మంది తాళాలు ఉన్నాయన్న సంగతే మరిచిపోయాను.

యాదగిరికి ఉన్నదున్నట్టు చెప్పాను.

"అంటే ఆ దొంగవు నువ్వేనా అక్కా?"

"నేనే."

"అట్లయితే మంచిదే. దొరికినవు" అన్నాడు.

రత్నమ్మ పెద్దమ్మ గోల్నాకలో ఒంటరిగా ఉంటుంది. మా క్యాంపస్‌లోనే హాస్టల్ మెస్‌లో వంట చేసి రిటైరైంది. నలభై దాటాక వాక్యం చదవడం కోసం అక్షరాలు నేర్చుకున్న మనిషి. సంఘంలో ఎవరికైనా మాట ఇచ్చిందంటే అంతే. ఓటీపీ పంపమని నొక్కి, ఫోన్ చేశాను.

"వందనాలు పెద్దమ్మా. నేను ఎస్తేరును. నీ ఫోన్‌కు ఇప్పుడే ఆరంకెల మెసేజ్ వచ్చింది, జర చదివి చెప్పు."

అటువైపు టీవీ కట్టేసిన చప్పుడు.

"నువ్వు ఎస్తేరు లెక్కనే మాట్లాడుతున్నవు" అంది. "దొంగలు గూడ ఇప్పుడు మనకు తెల్సినోళ్ల గొంతు తోటే మాట్లాడుతరని ఎస్తేరు చెప్పింది."

"నేనే పెద్దమ్మా ఆ ఎస్తేరును."

"దొంగ గూడ గట్లనే అంటడు బిడ్డా. దేవుడు నిన్ను మార్చును గాక." పెట్టేసింది.

తప్పు ఆమెది కాదు. రెండు నెలల కింద స్త్రీల కూడికలో సైబర్ మోసాల గురించి నేనే మాట్లాడాను. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, పాస్టరు గారు అడిగినా చెప్పొద్దు, ఆఖరికి నేనడిగినా చెప్పొద్దు అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మాటను ఆజ్ఞగా తీసుకున్నది ఈమె ఒక్కతేనేమో.

నంబరు మా దగ్గర లేదని కంపెనీకి చెప్పుకునే దారి కూడా ఉంది. అది నొక్కితే ముప్పై రోజులు ఆగమంది. సెంటర్‌లో నా డ్యూటీ ముగిసేసరికి నాలుగైంది. ఇద్దరం రెండు లాప్‌టాప్‌లు తీసుకుని తార్నాకలో ఆటో ఎక్కాం.

గోల్నాక చేరేసరికి నాలుగున్నర దాటింది. రత్నమ్మ పెద్దమ్మ తలుపు తీసి, నన్ను పైకీ కిందికీ చూసింది.

"పొద్దున నీ గొంతుతోటి ఒకడు ఫోన్ చేసిండు" అంది.

"అది నేనే పెద్దమ్మా."

"అయ్యో, నీకేం రోగం?"

కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. యాదగిరి ఫోన్ నుంచి ఇంటర్నెట్ కలుపుకుని మళ్లీ ఓటీపీ నొక్కాను. మంచం మీద ఫోన్ టింగుమంది. ఆమె తీసి చూసుకుని కొంగు కింద పెట్టుకుంది.

"చెప్పు పెద్దమ్మా."

"చెప్ప."

"నేనే గద, ఎదురుంగ కూసున్న."

"నేనడిగినా చెప్పొద్దు అన్నవా లేదా?"

"అన్న."

"ఇంటికొచ్చి అడిగినా?"

"అన్న. కానీ పెద్దమ్మా, అది వేరే..."

"మందిరంల నిలబడి చెప్పిన మాట, ఇంట్ల కూసొని మారుస్తవా?"

ఇరవై రెండేళ్లలో ఎందరికో సెక్యూరిటీ గురించి చెప్పాను. చెప్పింది చెప్పినట్టు పాటించిన మనిషిని మొదటిసారి చూస్తున్నాను, ఆమె చేతుల్లో నేనే చిక్కుకున్నాను. ఈ వాదనలో పది నిమిషాలు గడిచి ఆ ఓటీపీ కాలం చెల్లింది. తెర మీద హెచ్చరిక వచ్చింది. ఇంకొక్కసారి తప్పితే ఇరవై నాలుగు గంటలు అకౌంట్ తెరవరు. టైం చూశాను. అయిదు. రేపు నాలుగింటికి గడువు.

యాదగిరి తన లాప్‌టాప్ పక్కన పెట్టాడు. నేల మీదికి జరిగి ఆమె ముందు కూర్చున్నాడు.

"అమ్మా, నాది ఎనిమిదేండ్ల పని దాంట్ల ఉన్నది. జొన్నల మీద. మా తాత ఏసిన జొన్నలు ఇప్పుడు మా ఊర్ల ఎవలికీ తెల్వదు. ఊరూరు తిరిగి రాసుకున్న. రేపు ఇయ్యకపోతే పేరు కొట్టేస్తరు. నువ్వు ఆమెకు చెప్పకు. నాకు గూడ చెప్పకు. ఏం జేయాల్నో నువ్వే చెప్పు."

"ఏం జొన్నలు?" అంది.

పేర్లు చెప్పాడు. ఒక పేరు దగ్గర ఆపింది. "గవి రొట్టెకు మంచిగుంటయి. విరగవు." తెర వైపు చూసింది. "ఆ అంకెలు యాడ కొట్టాలె?"

"ఈ డబ్బాల" అని తెర చూపించాడు.

"చెప్పొద్దన్నది గని, అంకెలు కొట్టొద్దనలె గద. నా ఫోన్, నా కన్ను, నా వేలు. మీరిద్దరు గోడ దిక్కు తిరుగుండ్రి."

ఆలోచిస్తే ఇదే సరైన పద్ధతి. ఏ శిక్షణా లేకుండా ఆమెకు తట్టింది, నాకు తట్టలేదు. మూడోసారి ఓటీపీ పంపాను. ఫోన్ టింగుమంది. పది నిమిషాలు. మేం గోడ వైపు తిరిగాం.

"ముందు ప్రార్థన చేద్దం" అంది రత్నమ్మ పెద్దమ్మ.

నేను ప్రార్థనను నమ్మి బతికే మనిషిని. అయినా నిజం చెప్పాలి, ఒక ప్రార్థన త్వరగా అయిపోవాలని నేను కోరుకున్నది అదొక్కసారే. ఆమె సంఘంలో రోగులతో మొదలుపెట్టింది. పాలకుల దగ్గరికి వచ్చింది. రైతుల దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగింది. అయిపోయిందనుకుని యాదగిరి గట్టిగా "ఆమేన్" అన్నాడు. పాపం, మా కూడికల పద్ధతి అతనికి తెలియదు. మధ్యలో ఆమేన్ అంటే ఇంకా చెయ్యమని ప్రోత్సాహం. ఆమె గొంతు పెరిగింది. జొన్నలను రకం రకంగా పేరు పెట్టి దీవించడం మొదలైంది. నేను అతని చెయ్యి గిల్లాను.

చివరి ఆమేన్ అయ్యేసరికి మూడు నిమిషాలు మిగిలాయి. వెనక నుంచి ఒక్కొక్క టక్కు వినిపించింది. నాలుగు టక్కుల తర్వాత ఆగిపోయింది.

"కండ్లద్దాలకు మసక పట్టింది" అంది. కొంగుతో తుడుచుకున్న చప్పుడు. యాదగిరి నుదురు గోడకు ఆనించాడు. ఇంకో రెండు టక్కులు.

"ఏదో తెరుచుకున్నది, సూడుండ్రి."

తెర మీద నలభై ఎనిమిది అంకెలు వరుసగా ఉన్నాయి. పిల్లల చేత బైబిల్లోని వంశావళి వల్లె వేయించినట్టు నేను ఆరేసి అంకెలు చదివాను, యాదగిరి తన లాప్‌టాప్‌లో కొట్టాడు. నీలం పోయింది. థీసిస్ ఎక్కడిదక్కడే ఉంది. దాని మీద చిన్న పెట్టె లేచింది: అప్‌డేట్ విజయవంతం, మీ అనుభవాన్ని మరింత మెరుగుపరిచాం. కింద ఒక పండ్ల ఆట ఆడుకోమని సలహా. ముందు పెన్‌డ్రైవ్‌లో కాపీ పెట్టించి, ఆ తర్వాతే టీ తాగాం.

టీ తాగుతుంటే రత్నమ్మ పెద్దమ్మ ఒక నోటుబుక్కు తెచ్చింది. "ఎస్తేరూ, ఇసొంటి అంకెలు మూడేండ్ల సంది వస్తనే ఉన్నయి. ఎవలో బిడ్డకు తలుపు తెరుచుకుంటలేదని రాసిపెట్టి ప్రార్థన చేస్తున్న."

పదిహేడు ఉన్నాయి. ఒక్కొక్కటీ తేదీతో. తేదీలు చూస్తుంటే ముఖాలు గుర్తొచ్చాయి. "అక్కా, నా అకౌంట్ పోయింది" అని వచ్చిన పిల్లలు. ఆ నంబరు ఎవరిదో వాళ్లకు తెలియదు, చూసి గుర్తుపట్టవలసిన నేను తెర వైపు చూడనైనా లేదు. కంపెనీని తిట్టి, కొత్త అకౌంట్ తెరిచి పంపించేశాను. వాళ్లకోసం ప్రార్థన జరిగింది గోల్నాకలో. వాళ్లను బయట నిలబెట్టింది నేను.

శుక్రవారం మూడుంబావుకు థీసిస్ అప్‌లోడ్ అయింది. సోమవారం నుంచి ముప్పై మందికీ ఫోన్ చేశాను, చేసిన తప్పు చెప్పాను, ఎవరి నంబరు వాళ్ల చేత పెట్టించాను. మన వస్తువును మనల్ని అడక్కుండా మార్చేసి మన మంచికే అంటారని ఆ కంపెనీల మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ నేను చేసిందీ అదే. మంచి ఉద్దేశం ఉంటే అడగనక్కర్లేదని వాళ్లలాగే నేనూ అనుకున్నాను. స్త్రీల కూడికలో నిలబడి ఇది ఒప్పుకున్నాను. ఈసారి చప్పట్లు రాలేదు.

యాదగిరి మాత్రం తన నంబరు పెట్టుకున్నాక, "రెండో నంబరు పెద్దమ్మదే ఉండనీ అక్కా. ఆమెకంటె గట్టి తాళం యాడ దొరుకుతది?" అన్నాడు.

నాకు పాఠం బాగానే ఒంటబట్టిందనుకుంటూ, ఆదివారం ఆరాధన అయ్యాక రత్నమ్మ పెద్దమ్మను పక్కకు పిలిచాను. "ఆ పిల్లగాని ఓటీపీలు నీ ఫోన్‌కు రావచ్చునా పెద్దమ్మా? నీకు ఇష్టమైతేనే."

ఆమె నన్ను పైకీ కిందికీ చూసింది.

"తాళం వానిది. వాడొచ్చి అడగాలె. నడుమ నువ్వెందుకు అడుగుతున్నవు?"

ఆ మాటే అతనికి చెప్పాను. తర్వాతి శనివారం తనే గోల్నాక వెళ్లాడట. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో, ఏ నంబరు పెట్టారో నాకు తెలియదు. అడగలేదు. అది నా అకౌంట్ కాదు.