మా చెల్లిని నడిపించిన మనిషి

దెయ్యాలున్నాయా లేవా అన్న చర్చ కూడా నాకు గిట్టదు. చిన్నప్పుడు గుణదలలో మా వీధి ప్రార్థన కూటంలో ఎవరైనా లేచి తమకు జరిగిన వింత గురించి సాక్ష్యం చెప్తుంటే, నేను వెనక కూర్చుని నవ్వాపుకోలేక నానా అవస్థా పడేదాన్ని. మా అమ్మ తొడపాశం పెట్టేది. అయినా నవ్వొచ్చేది. ఇప్పుడు నేను చెప్పబోయేది విని మీరు నవ్వితే నాకేం కోపం రాదు. మీ చోట నేనున్నా నవ్వేదాన్నే.

పదేళ్ళ పైనుంచి బ్యాంకాక్‌లో ఉంటున్నాను. రొయ్యలు కొనే ఒక కంపెనీ తరఫున ఫ్యాక్టరీలు తిరిగి, సరుకు శుభ్రంగా తయారవుతోందో లేదో చూడటం నా ఉద్యోగం. నెలలో సగం రోజులు వియత్నాంలోనో, ఇండోనేషియాలోనో ఉంటాను. మా ఆయనా, మా అమ్మాయీ నన్ను చుట్టం వచ్చిందని ఏడిపిస్తుంటారు. ఏడాదికోసారి దొరికే సెలవుల్లో సగం మంగళగిరిలో అత్తగారింట్లో, సగం గుణదలలో చెల్లెలి దగ్గర అయిపోతాయి.

ఇంత తిరుగుడులోనూ నేను వదలనిది పొద్దున పరుగు. షుగర్ వచ్చేలా ఉందని డాక్టర్ బెదిరించిన దగ్గర్నుంచి పట్టుకున్నాను. ఏ ఊళ్ళో దిగినా ముందు హోటల్లో జిమ్ ఎక్కడుందో అడుగుతాను, తర్వాతే తిండి సంగతి. మామూలుగా నడిచినా నా నడక పరుగులాగే ఉంటుందని ఇంట్లో గోల. నాతో బజారుకి రమ్మంటే ఎవరూ రారు.

మా చెల్లెలు నిర్మల నాకంటే ఆరేళ్ళు చిన్నది. స్కూల్లో లెక్కల టీచరు. పోయిన ఏడాది బెంజ్ సర్కిల్ దగ్గర స్కూటీ మీద వస్తుంటే వెనకనుంచి ఆటో గుద్దింది. కుడి తొడ ఎముక విరిగింది. రాడ్ వేశారు. ఆపరేషన్ బాగా జరిగింది, ఎముక కూడా అతుక్కుంది. ఇక మంచం దిగి రోజూ నడవాలి, లేకపోతే కాలు బిగుసుకుపోతుంది, జీవితాంతం కుంటాల్సి వస్తుంది అని డాక్టర్ చెప్పాడు.

నడవటం మొదలుపెట్టిన మూడోరోజే ఇంటి గుమ్మం ముందు పడింది. దెబ్బేం తగల్లేదు. కానీ భయం పట్టుకుంది. ఆ తర్వాత వాకర్ లేకుండా అడుగు తీసి అడుగు వెయ్యనని మొండికేసింది. గదిలోంచి బాత్రూముకి, బాత్రూములోంచి గదికి. అంతే. ఫిజియోథెరపీ అమ్మాయి వస్తే ఏడ్చేది. మా మరిది జోజి బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి తల పట్టుకుని నాకు ఫోన్ చేశాడు. రోజులు గడిచేకొద్దీ కాలు మడవటం కష్టమవుతోందని డాక్టర్ కూడా హెచ్చరించాడు. తరగతి గదులేమో మేడ మీద. నడవలేకపోతే ఉద్యోగమూ పోయినట్టే.

నేను ఫోన్లో తిట్టాను. అంతా విని నిర్మల ఒకటే మాట అంది. "నువ్వు రా అక్కా. నువ్వు పక్కనుంటే నడుస్తా."

సెలవు పెట్టాను, టికెట్ తీసుకున్నాను. చెల్లికి ఫలానా శనివారం వస్తున్నానని చెప్పాను. శుక్రవారం వియత్నాంలో ఒక ఫ్యాక్టరీ సరుకులో ఏదో తేడా వచ్చిందని మా ఆఫీసు నన్ను అటు పంపింది. కాదనే అవకాశం లేదు. నిర్మలకి ఫోన్ చేసి చెప్తే, "సరేలే, నీకు పనులుంటాయి" అని పెట్టేసింది. ఆ తర్వాత నా ఫోన్ ఎత్తడం మానేసింది. నాకు ఒళ్ళు మండింది. నా మీద నాకే మండిందని ఇప్పుడనిపిస్తోంది.

హో చి మిన్ సిటీలో దిగేసరికి నా పెట్టె రాలేదు. మర్నాడు పొద్దున జిమ్‌కి వేసుకోవడానికి బట్టల్లేక, హోటల్ పక్క సందులో ఒక టీషర్టు కొన్నాను. కళ్ళు చెదిరే నారింజ రంగు. నేను జన్మలో అలాంటి రంగు వేసుకోలేదు. నా సైజులో అదొక్కటే ఉంది. వారమంతా రాత్రి ఉతుక్కుని పొద్దున్నే అదే వేసుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు గదిలోనే వదిలేశాను. ఎవరికీ ఫొటో కూడా పంపలేదు.

ఆ వారం నాకొకటి జరిగింది. అప్పుడు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. పొద్దున ఏడున్నరకి ట్రెడ్‌మిల్ ఎక్కేదాన్ని. అక్కడ ఏడున్నరంటే మనకి ఆరు. ఎక్కగానే పరుగందుకోవడం నా అలవాటు. ఆ వారం పరుగు రాలేదు. స్పీడు పెంచితే కాళ్ళు మొరాయించాయి. నొప్పి లేదు, ఆయాసం లేదు. ఎవరో నా ఎడమ చెయ్యి పట్టుకుని వేలాడుతున్నట్టు ఆ పక్కంతా బరువుగా ఉండేది. ముసలమ్మ నడకలా నడిచేదాన్ని. మధ్యమధ్యలో ఎందుకో తెలియకుండానే మిషన్ ఆపి, కాసేపు నిలబడి, మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. పక్క మిషన్ మీద పరిగెత్తే కుర్రాడు వింతగా చూసేవాడు.

రెండోరోజుకి మోచేతి పైన కండ పట్టేసినట్టు నొప్పి మొదలైంది. ఫ్యాక్టరీలో చలికి అనుకుని బామ్ రాసుకున్నాను. చివరిరోజు పొద్దున మాత్రం ఆ బరువు మధ్యలోనే దిగిపోయింది. ఆ తర్వాత ఎప్పటిలాగే పరిగెత్తాను.

ఆ వారంలోనే జోజి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "వదినగారూ, నిర్మల నడుస్తోంది. పొద్దున ఆరింటికల్లా వాకర్ ఇంట్లో వదిలేసి పార్కుకి వెళ్తోంది. నన్ను రావద్దంటోంది." నేను ఫ్యాక్టరీ బయట నిలబడి ఏడ్చేశాను. అక్కడి సెక్యూరిటీ ఆయన మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. నా మీద పంతంతో నడుస్తోందనుకున్నాను. పోనీలే, ఎలాగైతేనేం అని సంతోషపడ్డాను.

రెండు నెలల తర్వాత సెలవు దొరికి విజయవాడ వచ్చాను. నిర్మల గుమ్మందాకా ఎదురొచ్చింది. కొద్దిగా కాలు ఈడుస్తోంది గానీ చేతిలో కర్ర కూడా లేదు. అలక తీరిపోయింది. మర్నాడు పొద్దున ఇద్దరం పార్కుకి వెళ్ళాం. వాళ్ళ కాలనీ చివర, నేను కిందటిసారి వచ్చివెళ్ళాక వేసిన చిన్న పార్కు, చుట్టూ నడవడానికి బాట. నేను ఆ పార్కులో అడుగుపెట్టడం అదే మొదటిసారి. నేను గుణదలలో ఉన్న రోజుల్లో అక్కడ ముళ్ళకంప ఉండేది.

అక్కడ వాకింగ్ చేసే పెద్దాయన ఒకరు ఎదురొచ్చారు. సాంబశివరావు గారు, రైల్వేలో చేసి రిటైరయ్యారు. నన్ను చూడగానే నవ్వారు. "ఏమ్మా, మళ్ళీ వచ్చారా. చెల్లెలు బాగా కోలుకుంది చూశారా, అంతా మీ చలవే."

ఫోన్లో ధైర్యం చెప్పినందుకు అంటున్నారేమో అనుకుని నేనూ నవ్వాను. ఆయన ఆగలేదు. "రోజూ చెయ్యి పట్టుకుని ఎంత ఓపిగ్గా నడిపించారండీ. మా ఆవిడక్కూడా చెప్పాను, తోడబుట్టినవాళ్ళంటే అలా ఉండాలని."

పొరబడ్డారు, అప్పుడు వచ్చింది నేను కాదు, ఇంకెవరో అయ్యుంటారు అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని నన్ను పరకాయించి చూశారు. "భలేవారే. ఆ నారింజ రంగు టీషర్టు వేసుకుని వచ్చేవారు కాదూ. అంత దూరం నుంచి కనపడేది. నేను పలకరిస్తే తలూపేవారు, మాట్లాడేవారు కాదు."

వెనక్కి తిరిగి నిర్మల వంక చూశాను. అది నన్ను చూడటం లేదు, నేల చూపులు చూస్తోంది. ఆయన వెళ్ళిపోయాక ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం.

నేనడగకుండానే నిర్మల చెప్పింది. నేను రావట్లేదని తెలిశాక కోపంతో వాకర్ని గోడకి ఆనించి బయటికొచ్చిందట. పార్కు దాకా ఎలాగో వచ్చింది. బాట మీద కొంత దూరం పోయాక కాలు వణకడం మొదలైంది. పట్టుకోవడానికి ఏమీ లేదు. పడిపోతున్నాననుకున్న క్షణంలో కుడిపక్కన ఒక చెయ్యి వచ్చింది. పట్టుకుంది. తలెత్తి చూస్తే నేను.

"నువ్వే అక్కా. మొహం నీదే, జుట్టు నీదే. కానీ నువ్వు కాదని అప్పుడే తెలిసిపోయింది నాకు."

నేను కాదని తెలిసి కూడా ఎలా పట్టుకున్నావే అని అడిగాను.

"పట్టుకోకపోతే పడిపోతాను కదక్కా" అంది, చిన్నపిల్లకి చెప్పినట్టు. భయం వెయ్యలేదా అంటే, పడతానన్న భయం ముందు అదేం భయం అంది. ఎవరికీ ఎందుకు చెప్పలేదంటే, చెప్తే ఆ మనిషి రావడం మానేస్తుందేమోనని చెప్పలేదట. రోజూ అక్కడికే వచ్చేది, ఒక్కమాట మాట్లాడేది కాదు. నిర్మల ధైర్యం చేసి చెయ్యి వదిలి నాలుగడుగులు సొంతంగా వేసిన రోజు, వెనక్కి తిరిగి చూస్తే లేదు. మళ్ళీ రాలేదు.

ఆ రోజు ఏ వారమో అడిగాను. శుక్రవారం అంది. హోటల్లో నా కాళ్ళకి పరుగు తిరిగొచ్చింది కూడా శుక్రవారమే.

నేను కాదని ఎలా తెలిసిందే అని మళ్ళీ అడిగాను. నిర్మల నా వంక చూసి నవ్వింది. ఎగతాళిగా కాదు, ముద్దుగానే. "ఒక్కసారి కూడా తొందరపెట్టలేదక్కా. నేను ఎంతసేపు ఆగితే అంతసేపు ఆగింది. నువ్వయితే చంపేసేదానివి."

నాకూ నవ్వొచ్చింది. దాంతోపాటే ఏడుపూ వచ్చింది. ఆ మనిషి ఎవరో గానీ, దాని మీద నాకు అసూయ కలిగిందన్న మాట దాచుకోను.

నిర్మల అత్తగారికి తర్వాత ఎలాగో ఈ సంగతి తెలిసింది. వచ్చింది మరియమాతేనని ఆవిడ కొండ మీది మాత గుడికెళ్ళి కొవ్వొత్తులు వెలిగించి వచ్చారు. మాత వస్తే మాతలాగే వస్తుంది గానీ మా అక్కలా ఎందుకొస్తుంది అంటుంది నిర్మల. ఈ ఊసెత్తితే జోజి లేచి బయటికెళ్ళిపోతాడు. సాంబశివరావు గారికి నేనేమీ వివరించలేదు. ఆయన దృష్టిలో నేను చాలా మంచి అక్కని.

ట్రెడ్‌మిల్ సంగతీ, చేతి నొప్పి సంగతీ నేను ఇప్పటికీ చెల్లికి చెప్పలేదు. చెప్తే, వచ్చింది నేనేనని అనుకుంటుంది. ఎంత ఆలోచించినా ఆ మాట నా నోట రావట్లేదు. అది పిలిచినప్పుడు నేను వేరే దేశంలో ఉన్నాను. నా మొహంతో, నా బట్టలతో అక్కడికి ఎవరు వెళ్ళారో నాకు తెలియదు. ఎందుకు వెళ్ళారో, నేను ఎన్నడూ చూడని ఆ పార్కుకి దారి ఎలా తెలిసిందో తెలియదు. లెక్క తేలకపోతే నిద్రపట్టని మనిషిని నేను. ఇది తేలలేదు.

నిర్మల స్కూలుకి వెళ్తోంది, మేడమెట్లు ఎక్కుతోంది. వచ్చే నెల తొడలో రాడ్ తీసేస్తారట. మళ్ళీ కొన్నాళ్ళు మంచం, మళ్ళీ మొదటి అడుగు. నిన్న ఫోన్ చేసి, "వస్తావా అక్కా" అని అడిగింది. ఆఫీసులో సెలవు కుదరదన్నారు. అయినా టికెట్ తీసుకున్నాను. ఈసారి నేనే వెళ్ళాలి.