రెండుసార్లు పడిన రాగి తీగ

తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన ఒక షెడ్డులో స్టెబిలైజర్లు తయారుచేసేవాళ్లు. బీకాం అయ్యాక నా మొదటి ఉద్యోగం అక్కడే. ఓనరు ఒకప్పుడు మెకానిక్కు. ఒక స్టెబిలైజరుకు ఎంత ఖర్చవుతుందో నోటిలెక్కతోనే చెప్పేవారు. ఆయనచేత కంప్యూటరు కొనిపించింది నేనే.

అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో ఒక సౌకర్యం ఉండేది. ఒక వస్తువుకు ఏ భాగాలు ఎన్నెన్ని కావాలో రాసిపెడితే, వాటిని కొన్న ధరలు కూడి, తయారైన వస్తువు ఖర్చు అదే చూపిస్తుంది. రేకు డబ్బా, మీటరు, స్విచ్చి, ట్రాన్స్‌ఫార్మరు, రాగి తీగ, చుట్టే కూలి, అన్నీ వారం రోజులు కూర్చుని ఎక్కించాను.

నెల తిరిగేసరికి చూస్తే, అమ్మే ధర కంటే ఖర్చే ఎక్కువ.

"ఇన్నేండ్లూ నష్టానికే అమ్మినానా అప్పా?" అన్నారు ఓనరు.

"కంప్యూటరు తప్పు చెప్పదు సార్," అన్నాను.

ట్రాన్స్‌ఫార్మర్లకు రాగి తీగను మా షెడ్డులోనే ఒక అక్క చుట్టేది. భర్త పోయాక ఆ పనితోనే ఇద్దరు ఆడపిల్లల్ని చదివిస్తోంది. మాతో మాట్లాడుతూనే చుట్లు లెక్కపెట్టేది, ఒక్కటి కూడా తప్పేది కాదు. మద్రాసు నుంచి చుట్టినవే తెప్పించుకుంటే తక్కువలో పోతుందని నేను కాగితం మీద వేసి చూపించాను. నెలాఖరుకు ఆమెను మానిపించారు.

"నేను చుట్టింది కాలిపోయిందని ఎవురన్నా వాపసు తెచ్చినారా?" అని నన్నడిగింది.

లేదన్నాను. టిఫిను క్యారియరు తీసుకుని వెళ్లిపోయింది.

మార్చిలో సరుకు లెక్కపెట్టాం. షెడ్డులో రాగి తీగ చుట్టలు కళ్లెదుట ఉన్నాయి, కంప్యూటర్లో మాత్రం కొన్నదానికంటే ఎక్కువ వాడేసినట్టు రాగి మైనస్‌లో ఉంది. వెనక్కి పోయి వెతికితే తప్పు నాదే. ట్రాన్స్‌ఫార్మరుకు రాసిన భాగాల్లో రాగి, కూలి అప్పటికే ఉన్నాయి. అది గమనించక స్టెబిలైజరు కింద వాటిని విడిగా ఇంకోసారి వేశాను. సరిచేస్తే ప్రతిదాని మీదా లాభమే.

నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఐదోనాడు ఓనరుకు చెప్పాను. ఆయన తిట్టలేదు. "పోయి ఆయమ్మను పిలుచుకోని రా," అన్నారు.

అప్పటికి ఆమె పూతలపట్టు దగ్గర అన్నగారి ఊరు చేరింది. చెనక్కాయలు ఒలుస్తూ నేను చెప్పిందంతా విన్నది.

"తీగ ఎంత పడతాదో, కూలి ఎంతో నాకు తెలీదా? నన్నొక మాట అడిగింటే చెప్పేదాన్ని కదప్పా," అంది.

నిజమే. రెండు గజాల దూరంలో కూర్చున్న మనిషిని నేను అడగనే లేదు.

"పని మళ్లీ ఉండాదక్కా, వచ్చేయి," అన్నాను.

"యాడొచ్చేది? ఆడ ఇల్లు ఖాళీ చేసేస్తిమి. పెద్దది బడి మానేసి నాతో కూలికొస్తా ఉండాది."

మజ్జిగ ఇచ్చింది, తాగాను. పిల్లను మళ్లీ బడికి పంపమని చెప్పాలనిపించింది, చెప్పకుండానే గ్లాసు కింద పెట్టి లేచాను. సాయంత్రం బస్సుకు ఒక్కడినే తిరిగొచ్చాను.