ఎదుటి కొండ మీద రాజరత్నం

పెదపాడు దాటాక, చేపల చెరువు గట్టు మీది రేకుల పాకలో రాజరత్నం ఏళ్ల తరబడి ఒక్కడే ఉంటున్నాడు. అతని పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. కొంతకాలానికి అతనూ ఎదురుచూడడం మానేశాడు. పొద్దున చేపలకు మేత, సాయంత్రం మేత, నడుమ ఫోనులో యజమాని చెప్పే నాలుగు ముక్కలు. ఆదివారం చర్చిలో చివర కూర్చుని, ఆరాధన ముగియగానే చెరువు గుర్తొచ్చినవాడిలా లేచిపోయేవాడు. నిలబడితే ఎవరితో ఏం మాట్లాడాలో అతనికి తెలిసేది కాదు.

దసరా సెలవుల్లో చర్చి కుర్రకారు మన్యంలోని జలపాతానికి బయలుదేరుతుంటే, తానూ వస్తానని, వాళ్లను తీసుకెళుతున్న పాస్టరు ఆనంద్ పాల్ గారిని అడిగాడు. అతనికి కావలసింది కొండా కాదు, నీళ్లూ కాదు. నలుగురితో కలిసి ఒక చోటికి చేరడం ఎలా ఉంటుందో ఒక్కసారి తెలుసుకోవాలనుకున్నాడు.

“బాబాయ్ గారూ, అక్కడి నీళ్లలో చేపలుండవండీ. మేత సంచీ గానీ తెచ్చారా?” అన్నాడు బాబీ, అడవి బాట మొదట్లో.

“మీరంతా ఉన్నారు కదరా, మీకే చల్లేస్తాను.”

అందరూ నవ్వారు. ఆ నవ్వు తనవల్ల పుట్టిందని నమ్మడానికి అతను కొంత దూరం నడవవలసి వచ్చింది.

తర్వాత బాట నిటారుగా లేచింది. వెదురు పొదలు, నాచు పట్టిన బండలు. గట్ల మీద ఎంతైనా నడిచే మనిషికి ఇక్కడ పిక్కలు పట్టేశాయి. ఆగమని పిలవడానికి సిగ్గుపడ్డాడు. మలుపు మలుపుకీ వాళ్ల మాటలు సన్నగిల్లి, చివరికి వినబడలేదు.

చెరువుల దగ్గర చీకట్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్ ఏ మూల ఆగిందో చెవితోనే పసిగట్టి, నేరుగా అక్కడికి వెళ్లగలడతను. అడ్డేమీ లేని ఆ నేల మీద శబ్దం అబద్ధమాడదు. ఇప్పుడు నీటి హోరు ఎడమవైపు నుంచి స్పష్టంగా వినబడింది. చుట్టు తిరిగే బాట వదిలి అడ్డంగా వెళితే వాళ్లను అందుకోవచ్చనుకున్నాడు. కొండ ఒక వైపు విన్న శబ్దాన్ని మరో వైపు నుంచి పలుకుతుందని అతనికెవరు చెబుతారు?

కొమ్మలు పట్టుకుని పాకుతూ పైకి చేరేసరికి ఎదుట లోయ. లోయకు అవతల జలపాతం, శిఖరం నుంచి మడుగు దాకా. అంత ఎత్తు నుంచి నీరు పడుతున్నట్టు లేదు. పడాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టుంది. నిలిచిన నీళ్ల మధ్య బతికినవాడు చాలాసేపు చూశాడు. అడుగున రంగు చుక్కల్లా వాళ్లు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నీళ్లలోకి దిగుతున్నారు.

“బాబీ! పాస్టరయ్యగారండీ!”

హోరు అతని గొంతును మింగేసింది. తువ్వాలు ఊపాడు. ఎవరూ తల ఎత్తలేదు. వాళ్లు ఎవరికోసమూ వెతకడం లేదన్న సంగతి కూడా అక్కడినుంచి బాగానే కనబడింది.

అటువైపు దిగే తోవ లేదు. వచ్చిన దారినే దిగి, బాట మొదట్లో ఆపిన తమ వ్యాను దగ్గర కూర్చున్నాడు. ఎండ వాలుతుండగా వాళ్లు తడిబట్టలతో వచ్చారు.

“ఏవండీ బాబాయ్ గారూ, సగంలోనే తిరిగొచ్చేశారా? మేమూ అదే అనుకున్నామండీ!” అంది శాలిని.

కాదమ్మా, చూశాను, అనబోయాడు. అంతలో ఆమె వ్యానులో అతని పక్క సీటులో కూలబడి, “మీరు చూడాల్సిందండీ” అంటూ మొదలుపెట్టింది. ముందు సీటులోంచి బాబీ వెనక్కి తిరిగి ఆమె మాట దిద్దాడు. ప్రీతి లేచి నిలబడి, నీళ్లు పడే తీరు చేతులతో చూపించింది. అందరూ ఒకేసారి అతనికే చెబుతున్నారు. చూశానంటే ఆ మాటలు అక్కడితో ఆగిపోతాయి.

“ఎంత ఎత్తుంటుందమ్మా?” అని అడిగాడు.

“కిందనుంచి చివర కనబడలేదండీ. మబ్బులోంచి పడుతున్నట్టే ఉంది!”

“అబ్బో,” అన్నాడు రాజరత్నం. “తర్వాత?”