అత్యంతబాబు

మా నరసింగరావు పేపరుకు వార్తలు రాయబట్టి పన్నెండేళ్లు. భావనపాడు చుట్టుపక్కల ఏం జరిగినా ఆయనే రాయాలి. జరగనివీ కొన్ని రాశాడు, అది వేరే సంగతి. "అత్యంత" అన్న మాట లేకుండా ఆయన వార్త పంపినట్టు నేనెరగను. రోడ్డు మీద గుంత పడితే అత్యంత ప్రమాదకరం, పంచాయతీ కుళాయి పాడైతే అత్యంత దయనీయం. ఆ మాట లేకపోతే డెస్కులో హరిబాబు వార్తను పక్కన పడేస్తాడని ఆయన సమర్థించుకునేవాడు. జాలరిపేటలో ఆయనకు అత్యంతబాబు అని పేరు పెట్టారు.

వేటకు వెళ్లేవాళ్లు దానికో విరుగుడు కనిపెట్టారు. పొద్దున్నే టీ బడ్డీ దగ్గర ఎవరో ఒకరు పేపరు పైకి చదువుతారు, మిగతావాళ్లు వింటారు. ఆ మాట చెవిన పడగానే, పేటలో పెద్ద తండేలు నూకయ్య చెయ్యెత్తి "సగం కొట్టీ" అంటాడు, అంటే రాసినదాంట్లో సగమే నమ్మమని. అందరూ నవ్వుతారు. ఏ రోజు ఏ పడవ వేటకెళ్లాలో చెప్పేది కూడా ఆ నూకయ్యే.

గత నెలలో వాయుగుండం వచ్చింది. నరసింగరావు దాన్ని "అత్యంత తీవ్ర తుఫాను" చేశాడు. ఎంతైనా తుఫాను కదా అని పేటంతా రెండు రోజులు వేట మానేసి పడవల్ని పైకి లాక్కుంది. నాలుగు చినుకులు పడ్డాయి. అప్పట్నుంచి ఆ మిగిలిన సగం కూడా నమ్మడం మానేశారు.

ఈ నెల వాతావరణ శాఖ పంపిన కాగితంలోనే ఆ మాట ఉంది. అత్యంత తీవ్ర తుఫాను. పన్నెండేళ్లలో మొదటిసారి ఆయన ఏమీ కలపకుండా ఉన్నదున్నట్టు పంపాడు. తెల్లారి పేపరు తీసి చూస్తే, గత నెల వార్తా ఈ వార్తా ఒకలాగే కనిపించాయి. ఇదీ ఎవరూ నమ్మరు. బండి తీసుకుని ఒడ్డుకు వెళ్లాడు.

సముద్రం నిమ్మళంగా ఉంది. తుఫాను ముందు చేప బాగా పడుతుందని కుర్రాళ్లు పడవల్ని నీళ్లలోకి తోస్తున్నారు.

"నూకయ్య మావా, ఆగు! ఎల్లొద్దు."

"సదివినాం బాబూ. కొట్టీసినాం," అన్నాడు నూకయ్య వెనక్కి చూడకుండా.

"ఇది నిజం మావా."

"మరి పోయిన్నెలది ఏటి?"

జవాబు చెబితే నరసింగరావు పేటలో మళ్లీ తలెత్తుకోలేడు. చెప్పకపోతే పడవలు వెళ్లిపోతాయి. మొదటి పడవ అప్పటికే మోకాలి లోతు దాటింది.

"అది నేను కలిపినాను. కాగితంలో వాయుగుండం అనే ఉన్నాది. అబద్ధం రాసినాను."

నూకయ్య వచ్చి చొక్కా పట్టుకున్నాడు. "రెండ్రోజులు మా పొయ్యిలు ఎలిగినాయో లేదో నీకు తెలుసేట్రా?" అంటూ చెంప మీద ఒక్కటిచ్చాడు. కళ్లజోడు ఇసుకలో పడింది. నరసింగరావు దాన్ని తీసుకోలేదు. నీళ్లలోకి దిగి పడవ తాడు పట్టుకున్నాడు.

"ఇంకా కొట్టు మావా. ఎల్లొద్దు."

నూకయ్య భార్య కూర్మమ్మ చేపల తట్ట కింద పెట్టింది. "తన్నులు తింటానికి ఎవుడైనా ఇంత దూరం వస్తాడేటి? సూస్తారేటర్రా, లాగండి పడవలు."

లాగారు. మధ్యాహ్నానికి గాలి లేచింది. సాయంత్రానికి పేటలో రేకులన్నీ ఎగిరిపోయాయి. ఒక్క ప్రాణం పోలేదు.

పక్క పేటకు వెళ్లే వ్యవధి మాత్రం ఆ పొద్దున ఆయనకు దొరకలేదు. మర్నాడు వెళ్లాడు. రెండు పడవలు, నలుగురు మనుషులు, జాడ లేదు. హరిబాబు ఫోను చేశాడు.

"అత్యంత విషాదం అని హెడ్డింగ్ పెడుతున్నానండీ."

"ఒద్దు. నలుగురి పేర్లు కనుక్కుని సెప్తాను, రాసుకోండి. ఇంకేటీ ఒద్దు."

నాకు ఆయన మీద కోపం ఇప్పటికీ పోలేదు. కానీ ఆ తర్వాత జరిగింది తలచుకుంటే జాలేస్తుంది. పేర్ల కోసం ఆయన జగ్గమ్మ ఇంటి ముందు కూర్చున్నాడు. ఆమె కొడుకులిద్దరూ ఆ పడవల్లోనే వెళ్లారు. వచ్చినాయన ఎవరో ఆమెకు తెలియదు. పేపరు రాలేదనే అంటుందన్న ఆశతో అడిగాడు.

"నిన్న మీ పేటకు పేపరు రాలేదా అమ్మా?"

"వచ్చినాది బాబూ. మా పెద్దోడే సదివినాడు. అన్నదమ్ములిద్దరూ నవ్వుకున్నారు. నవ్వుకుంటూ ఎల్లిపోనారు."