బుచ్చన్న తల తిరుగుడు

లోకంలో ఓర్వలేని మనుషులు చాలామంది ఉంటారు. ఒకడికి పక్కవాడి సొమ్ము చూస్తే కడుపుమంట, ఇంకొకడికి పక్కవాడి పెళ్లాన్ని చూస్తే. బొంబాయి కామాటిపుర పదో గల్లీ బుచ్చన్నకు అలాంటి తేడాలేమీ లేవు. పక్కవాడికి పిప్పిపన్ను సలిపినా ఓర్వలేడు.

"గంతేనా? నాకైతే..." అన్నది ఆయన ఊతపదం. ఒంటిగది ఖోలీలు వరసగా ఉండే వాళ్ల చాల్లో పై మాలా, అంటే పై అంతస్తు, బాలయ్యకు కడుపు కోసి ఎనిమిది కుట్లు వేస్తే, బుచ్చన్న చూడ్డానికి వెళ్లి, "గంతేనా? నాకైతే చిన్నగున్నప్పుడు ఎద్దు కుమ్మింది. కుట్లా పాడా, పేగులు చేతితోనే లోపలికి దోపుకున్న" అని చొక్కా ఎత్తి పుట్టుమచ్చ చూపించి వచ్చాడు. మహబూబ్‌నగర్‌లో ఎవరో ముసలమ్మ పోయిందని ఎదురు ఖోలీకి టెలిగ్రాం వస్తే, రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. "టెలిగ్రాం రావాల్నన్నా పెట్టి పుట్టాలె" అని నిట్టూర్చాడు. పోయిన మనిషి వాళ్లది, నిట్టూర్పు ఈయనది.

ఇటువంటి మనిషితో తొమ్మిదేళ్లు జోడీగా పని చేసినవాడు సాయిలు. గోడలకు గిలాబు కొట్టే పనిలో మనిషిని పిలవరు, జోడీని పిలుస్తారు. ఒకడు తాపీతో సిమెంటు మాలు కొడుతుంటే, రెండోవాడు వెనకాలే పట్టీతో సాపు చేసుకుంటూ పోవాలి. కొట్టేది బుచ్చన్న, సాపు చేసేది సాయిలు. వెదురు పరంజాల మీద ఆరేడు మాలాల ఎత్తున ఏనాడూ కాలు జారని సాయిలు, మిల్లుల సమ్మె మొదలైన ఏడాది వానాకాలంలో, చాల్లో మోరీ దగ్గర పాకుడు మీద జారి బట్టలుతికే బండకు తల కొట్టుకున్నాడు. ఆ బండ ఎత్తు జానెడు.

మూడు కుట్లు పడ్డాయి. ఆ వారం సాయిలు పెళ్లికొడుకులా వెలిగిపోయాడు. తలకు తెల్లకట్టు, తలాపున అరటిపళ్లు, మెట్లెక్కి వచ్చినవాళ్లంతా "ఎట్లున్నది సాయిలు" అనడం. పెళ్లాం లచ్చమ్మ ఎండుమిరపకాయలు తిప్పి దిష్టి తీసి నిప్పుల్లో వేస్తే చాలంతా దగ్గింది. చెక్కగోడకు అవతలి ఖోలీ బుచ్చన్నది. ఆయన దగ్గుకుంటూనే వచ్చాడు.

"నాకు గూడ తియ్యి లచ్చమ్మా. నిన్నటి సంది నా తల గూడ బరువున్నది."

"నీకెవరి దిష్టి తగుల్తది బావా? అందరికి తగిలేది నీదేనాయె."

బుచ్చన్న నొచ్చుకోలేదు. కొంచెం గర్వపడ్డట్టు కూడా కనిపించాడు.

రెండో వారం కుట్లు విప్పారు. అరటిపళ్లు ఆగిపోయాయి. తలలో చేరినది మాత్రం కదల్లేదు. లేచి నిలబడితే ఖోలీ ఒక చుట్టు తిరిగి ఆగేది. పంపు స్టవ్వు చప్పుడు పుర్రె లోపల మోగేది. వెలుతురు చూస్తే కళ్లల్లో సూదులు గుచ్చినట్టుండేది. చేతిలో ఉన్న వస్తువు పేరే గుర్తురాక "అదే, గది" అంటూ వేళ్లు ఆడించేవాడు. ఉత్త పుణ్యానికి కోపం వచ్చేది, కోపం పోయాక ఏడుపొచ్చేది. దవాఖానకు పోతే డాక్టరు కళ్లల్లో బత్తీ కొట్టి చూసి, "దెబ్బ చిన్నదే, లోపల ఏం లేదు. కానీ ఈ తిరుగుడు, ఈ నొప్పి నెలన్నర దాకా ఉంటాయి. వాటంతట అవే పోతాయి. అప్పటిదాకా ఎత్తులెక్కొద్దు" అన్నాడు.

ఎత్తులెక్కకపోతే గిలాబు పనివాడు బతికేదెట్లా? ఆ ఏడు మిల్లులు మూతపడి, మగ్గాలు నడిపిన చేతులన్నీ తెల్లారేసరికి కూలీలను పిలుచుకుపోయే నాకా మీద నిలబడుతున్నాయి. "సాయిలుకు చక్కర్లొస్తున్నయి" అన్న మాట కూలీలను పనిలో పెట్టే ముకద్దం ముత్తయ్య చెవిన పడితే, మధ్యాహ్నానికల్లా బుచ్చన్న పక్కన ఇంకెవడో పట్టీ పట్టుకుని ఉంటాడు. పోయిన జోడీ మళ్లీ రాదు. పోనీ చెప్పకుండా ఎక్కుదామంటే, నాగ్‌పాడాలో కడుతున్న బిల్డింగులో వాళ్ల పని ఐదో మాలాలో. కింద కంకర కుప్ప.

చెప్పక తప్పనిది ఒక్కరికే, జోడీగాడికి. సాయిలు మోరీ దగ్గర నీళ్లు పడుతూ గొంతు తగ్గించి చెప్పాడు.

"అన్నా, నిలబడ్తే తల తిరుగుతున్నది. పైకెక్కలేను. ఎవ్వరికి చెప్పకు."

బుచ్చన్న నిండిన బకెట్ పక్కకు జరిపి అన్నాడు. "గంతేనా? నాకైతే కూసున్నా తిరుగుతది."

మర్నాడు నాకా మీద, వందమంది చూస్తుండగా, బుచ్చన్న తలకు తువ్వాలు బిగించుకుని ఫుట్‌పాత్ మీద కూలబడ్డాడు.

"నా తోని కాదు ముత్తయ్యా. తల గిర్రున తిరుగుతున్నది. ఐదో మాలా ఎక్కిన్ననుకో, ఆణ్నుంచి సీదా స్వర్గానికే."

ముత్తయ్య గొణిగాడు, తిట్టాడు. కానీ వదులుకోలేడు. గోడ మూలలు తీర్చడంలో బుచ్చన్న చేయి వేరు, బిల్డింగు కట్టిస్తున్న సేటు ఆ చేయి చూసే పని ఇస్తున్నాడు. "సరే తియ్యి, తగ్గేదాక కింద కాంపౌండ్ గోడలు కొట్టుండ్రి" అన్నాడు. జోడీ గనక బుచ్చన్నతో పాటు సాయిలూ నేల మీదే.

సాయిలు సంతోషించాలా వద్దా? సంతోషించలేదు. లోపల భగ్గుమంది.

"అది నా తల తిరుగుడు" అని లచ్చమ్మ దగ్గర పళ్లు కొరికాడు. "బండకు కొట్టుకున్నది నేను. కుట్లు నావి. నేను దాసుకోలేక సస్తుంటే ఈయన నడి బజార్ల కూసొని అనుభవిస్తుండు."

"నీ పనైతే పోలే గద. సప్పుడు జెయ్యక పండు" అంది లచ్చమ్మ.

పండుకుందామంటే అక్కడా కడుపుమంటే. బుచ్చన్న తన తలనొప్పి పేరు చెప్పి చాలంతా చక్కబెట్టాడు. టీవీ ఉన్నవాళ్ల గుమ్మంలో కూర్చుని, చప్పుడు తగ్గించేదాకా లేవలేదు. స్టవ్వులు వరండా చివరికి పోయాయి. బట్టలు బండ మీద బాదేవాళ్లు పిసికి ఉతకడం నేర్చుకున్నారు. "పాపం బుచ్చన్నకు తల నొస్తున్నదంట" అని ఆడవాళ్లు ఆయనకు మజ్జిగ పంపారు. చెక్కగోడకు ఇవతల సాయిలు హాయిగా నిద్రపోయాడు, లేచి ఆ నిద్ర తలుచుకుని కుళ్లుకున్నాడు. నిశ్శబ్దం కూడా బుచ్చన్న పేరు మీదే వచ్చింది మరి.

అంతటితో ఆగితే బుచ్చన్న ఎట్లా అవుతాడు? సాయిలు ఎండకు కళ్లు మూస్తున్నాడని తెలిసిన మర్నాడు, ఫోరస్ రోడ్డు దుకాణంలో నల్లద్దాలు కొని పెట్టుకుని పనికొచ్చాడు. "నాకు ఎలుగు పడ్తలేదు" అని అందరికీ చెప్పి, సాయిలును తీసుకుపోయి నీడ పట్టున గోడ మొదలుపెట్టాడు. ఇంకో రోజు సాయిలు తాపీ అనబోయి మాట రాక "గది, గది" అంటుంటే కూలీలు నవ్వారు. వెంటనే బుచ్చన్న నుదురు పట్టుకున్నాడు.

"నాకైతే పొద్దున మా ఇంటిదాని పేరే యాదికి రాలే."

నవ్వంతా ఆయన మీదికి మళ్లింది. ఆ మాట సాయంత్రానికి చాలుకు చేరింది. బుచ్చన్న భార్య శాంతాబాయి గుమ్మంలోనే నిలబడి, "పేరు మరిస్తే మరిచినవు, రేషన్ లైన్ల నిలబడేది మరవకు" అని సంచీ చేతిలో పెట్టింది.

సాయిలు కోపానికి ఇక పట్టపగ్గాల్లేవు. తన దగ్గర ఒక్క నొప్పి కూడా మిగలనియ్యడా ఈ మనిషి? ఎంత దొంగో తేల్చాలనుకున్నాడు. మర్నాడు చాయ్ తాగుతూ లేని రోగమొకటి పుట్టించాడు.

"ఏందో అన్నా, చింతపండు వాసన తగిల్తే చాలు, ఎడమ మోకాలు గుంజుతున్నది."

బుచ్చన్న మొహం గంభీరంగా పెట్టి, "శాన గుంజుతున్నదా?" అన్నాడు.

"మస్తు."

రేపు కుంటుకుంటూ వస్తాడు, అందరి ముందూ నిలదీస్తాను అనుకున్నాడు సాయిలు. బుచ్చన్న మామూలుగా నడిచి వచ్చాడు. రెండో రోజూ అంతే. నాలుగు రోజులైనా మోకాలి ఊసు లేదు. సాయిలుకు ఇప్పుడు వేరే రకం మంట మొదలైంది. అన్నీ తీసుకున్నవాడు దీన్ని ఎందుకు తీసుకోలేదు? ఏం, తన మోకాలు ఆయన కంటికి ఆనలేదా?

ఐదో రోజు నల్లా దగ్గర శాంతాబాయి పట్టుకుంది.

"సాయిలు, నీ మోకాలు ఎప్పుడు తగ్గుతదయ్యా? నాలుగొద్దులాయె, ఇంట్ల చింతపండు ముట్టనిస్తలేడు మీ అన్న. చెక్కగోడకు సందులున్నయంట, వాసనొస్తే నీ కాలు గుంజుతదంట. పప్పుల నిమ్మకాయ పిండుకొని తింటుండు. ఆ మొఖం నేను చూడలేకపోతున్న."

సాయిలు చేతిలో బిందె నిండి పొర్లింది.

"మరి అన్నకు తల తిరుగుడు, వదినే?"

"ఆయనకేం తిరుగుడు? మొన్న వానకు రేకుల మీదికెక్కి తాడ్‌పత్రి కట్టొచ్చిండు."

"మరి అన్ని తీస్కున్నోడు నా మోకాలెందుకు తీస్కోలే?"

"మోకాలు ముత్తయ్యకు కనబడ్తదా?" అంది శాంతాబాయి. "పని కాడ నీ రోగమేది బయటపడ్తే అది తన మీదేసుకుంటుండు. నువ్వు కండ్లు మూస్తే పట్టుకుంటరని అద్దాలు పెట్టిండు. నువ్వు మాట మరిస్తే నవ్వుతరని నా పేరు మరిచిండు. ముప్పై ఏండ్ల కాపురం. ఇంకొకతైతే అట్లకాడ తిరగేస్తుండె."

సాయిలుకు సిగ్గేసింది. ఇన్ని రోజులు మూడు కుట్లకూ తలనొప్పికీ హక్కుదారుడిలా కాపలా కాసిన తన బుద్ధి తనకే అసహ్యమనిపించింది. అయినా పూర్తిగా మారితే మనిషెట్లా అవుతాడు? ఇంత మంచితనం తనకు ముందు తట్టలేదే అని ఆ సిగ్గులో కూడా కాస్త కుళ్లుకున్నాడు.

ఆ సాయంత్రమే చెక్కగోడ దగ్గర నిలబడి, "అన్నా, మోకాలు తగ్గింది" అన్నాడు.

"పక్కానా?"

"పక్కా."

"శాంతా, పులుసు పెట్టవే" అని అవతల పెట్టిన కేకకు టీవీవాళ్లు కూడా బయటికొచ్చి చూశారు.

తెలిసిపోయిందని మాత్రం సాయిలు చెప్పలేదు. చెబితే "గంతేనా? నాకైతే నీకన్నా ముందే తెలుసు" అంటాడని భయం.

వానలు తగ్గాక ఒక పొద్దున సాయిలు లేచి నిలబడ్డాడు, ఖోలీ ఎక్కడిదక్కడే ఉంది. మూడు రోజులు చూశాడు. కదల్లేదు. నాలుగో రోజు నాకా మీద ముత్తయ్య, "ఏం బుచ్చన్నా, నీ తల ఒక చోట నిలబడేది ఉన్నదా లేదా? పైన గోడలు గిలాబు లేక ఎండుతున్నయి" అని విసుక్కున్నాడు. బుచ్చన్న నల్లద్దాల్లోంచి సాయిలు వైపు చూశాడు. సాయిలు తల ఊపాడు.

"తగ్గింది" అన్నాడు బుచ్చన్న.

"అసలొచ్చిందా నీకు?" అన్నాడు ముత్తయ్య. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

నెలన్నరగా ఎవ్వరికీ చెప్పుకోలేక దాచుకున్న నొప్పి తనదేనని చెప్పడానికి సాయిలుకు ఇంతకన్నా మంచి అదను రాదు. ఆ అదను వదిలేసి ముందుకొచ్చాడు.

"అట్లనకు ముత్తయ్యా. బండకు కొట్టుకున్నోణ్ని, నాకు తెల్వదా? మా అన్నకొచ్చినంత తిరుగుడు ఈ బొంబాయిల ఎవ్వనికి రాలే. దాని ముంగట నాది ఒక దెబ్బనా?"

పుట్టి బుద్ధెరిగాక, నీదే పెద్దదని బుచ్చన్నతో అన్నవాళ్లు ఎవరూ లేరు. ఆయన అద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, బిల్డింగు దారి పట్టాడు.

పరంజా మొదట్లో మాత్రం ఆగాడు. వెనక్కి తిరిగి, అందరికీ వినబడేలా అన్నాడు.

"సాయిలు, నాకింకా జర భయమైతున్నది. నా నడుము కాడ తువ్వాలు గట్టిగ పట్టుకో. నేనెక్కినకొద్ది ఎక్కు. ఇడిసిపెట్టకు."

సాయిలు పట్టుకున్నాడు. ఆ తువ్వాలు నడుముకు రెండు చుట్లు చుట్టి ముడేసి ఉంది, మనిషి వేలాడినా ఊడేది కాదు. మూడో మాలా దగ్గర సాయిలు ఆ తువ్వాలు మీద పట్టు బిగిస్తే, ముందు మనిషి అడగకుండానే ఆగి ఊపిరి పీల్చుకున్నాడు.

"బుచ్చన్నను మంచిగ పట్టుకోరా సాయిలు, పడతడు" అని కింద నుంచి ముత్తయ్య కేకేశాడు.

"పట్టుకున్న" అన్నాడు సాయిలు.