మూడో వరుస, బాబాయి పుల్ల

వరదల కాలం వస్తే మా బాబాయి రేవులో నీటి అంచున ఓ సరుగుడు పుల్ల పాతేవాడు. పూటపూటా వెళ్లి నీళ్లు దాని మీద ఎంత ఎక్కాయో చూసి, ఏటి మధ్య లంకలోని గేదెల్ని గట్టుకు చేర్చాలో వద్దో తేల్చుకునేవాడు. రాజమండ్రిలో కంప్యూటర్ ఉద్యోగం వెలగబెడుతున్న నాకు అదంతా చాదస్తంగా ఉండేది. "ఎందుకు బాబాయ్ ఆ తిప్పలు? నీటిమట్టం నెట్‌లో పెడతారు. రోజూ పొద్దున్నే నీ ఫోన్‌కి వచ్చేట్టు చేస్తాను" అన్నాను.

గంట పని. ఆ పేజీలో ఒక పట్టిక, అందులో ఒక్కో చోటికి ఒక్కో వరుస. మన ఊరికి దగ్గరున్న ఆనకట్టది మూడోది. పేజీలో ఏ అంకెను తీసుకోవాలో ప్రోగ్రాముకు చెప్పే ఎక్స్‌పాత్‌లో 'మూడో వరుస, నాలుగో గడి' అని రాసి వదిలేశాను. ఆనకట్ట పేరున్న వరుసనే వెతకమని రాయొచ్చు, అదీ నాకు తెలుసు. బద్ధకించాను, అంతే.

రెండేళ్లు మెసేజ్ సరిగ్గానే వెళ్లింది. బాబాయి పుల్ల పాతడం మానేశాడు.

పోయిన ఆగస్టులో ఆ పట్టిక పైన కొత్త వరుసొకటి చేర్చారు. మనది నాలుగోదైంది. మూడో దాంట్లోకి ఎక్కడిదో ఉపనది అంకె వచ్చి కూర్చుంది. ఆ పొద్దున "ఏరు పెరిగినట్టుందండీ" అని పిన్ని అంటే, "తగ్గిందని మన అమ్మాయి మెసేజ్ పంపింది కదే" అన్నాడట బాబాయి. మధ్యాహ్నానికి లంక మునిగింది. పడవ వెళ్లేసరికి పాకలో కట్టేసి ఉన్న రెండు పాడిగేదెలు పలుపుతాళ్లతోనే పోయాయి.

ఫోన్ చేసి, "పేజీలోనే తప్పు పెట్టారు బాబాయ్" అన్నాను. అంత అబద్ధం నోటికి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో! తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

"పోన్లేమ్మా, నువ్వేం చేస్తావు" అన్నాడు. టీ కొట్టు దగ్గర ఎవరైనా నా మెసేజ్ మాటెత్తితే, "మా అమ్మాయి తప్పు చెప్పదండి, వాళ్లే తప్పు రాశారు" అని తగువుకు దిగుతాడట.

ఆ వరుసను ఆ రోజే సరిచేశాను. బాబాయి మళ్లీ పుల్ల పాతుతున్నాడు. ఇప్పుడు రోజూ పొద్దున్నే దాన్ని ఫోటో తీసి నాకు పంపుతాడు. ఎందుకని అడిగితే, "ఆ పేజీవాళ్లు మళ్లీ నిన్ను మోసం చెయ్యకూడదు కదమ్మా. దీంతో సరిచూసుకో" అన్నాడు.

ఇవాళ కూడా వచ్చింది. 'తప్పు నాదే బాబాయ్' అని టైప్ చేశాను. కాసేపు చూసి, చెరిపేసి, 'అందింది బాబాయ్' అని పంపాను.