ఉస్తాద్ ఇచ్చిన గవాహి

శుక్రవారం పొద్దున డిపోలో బస్సు కింద పడుకుని బ్రేకు రాడ్డు బిగిస్తుంటే ఎవరో నా కాలు తట్టారు. బయటికి జరిగి చూస్తే శాలిబండ టాంగావాలా. మా ఉస్తాద్ తెల్లవారకముందే పోయారట, జుమ్మా నమాజు అయ్యాక తీసుకుపోతారట. పానా కింద పెట్టి చేతులు కడుక్కున్నాను. ఎంత రుద్దినా గోళ్ళ సందున నలుపు పోలేదు. ఆ చేతులతోనే జనాజాకు భుజం పట్టాను. వద్దన్నవాళ్ళు ఎవరూ లేరు.

ఇది చదివేవారిలో చాలామంది ఆయన్ని ఎరగరు. శాలిబండ సందులో రేకుల కప్పు కింద ఆయన మోటారు కార్ఖానా ఉండేది, దానికి బోర్డు కూడా లేదు. ఒక జాగీర్దారు దేవిడీలో, ఆ పెద్ద బంగళాలో, కార్లు తుడుస్తూ పని నేర్చుకున్న మనిషి ఆయన. మాది గౌలిపురలో పాల ఇల్లు. యుద్ధానికి ముందు మాట. కార్ఖానాలో చాయకు పాలు పోయడానికి వెళ్ళి, విప్పిన ఇంజిన్ చూస్తూ చెంబుతో అలాగే నిలబడిపోయేవాణ్ణి. ఒకరోజు ఆయన తల ఎత్తి, "ఎండకు పాలు ఇరుగుతయ్, లోపలికి రా" అన్నారు. నా శిష్యరికానికి ముహూర్తం ఏదైనా ఉందంటే అదే.

బర్రెలను వదిలి మోటార్ల వెంట పడ్డానని మా బాపు నెల రోజులు నాతో మాట్లాడలేదు. అక్కడ ఉస్తాద్ నాకు పానా ఇస్తేనా! చాలాకాలం కిరసనాయిల్లో నట్లు కడగడమే నా పని. అడిగితే, "చెయ్యి ఉరికితే బోల్టు ఇరుగుతది" అనేవారు. ఆ మాట నేనిప్పుడు డిపోలో కొత్త పిల్లలతో అంటున్నాను, వాళ్ళూ నాలాగే లోపల తిట్టుకుంటూ ఉంటారు.

ఆయన పాఠమంతా చెవితోనే. స్క్రూలు తిప్పే పొడుగు పేచ్‌కస్ మొన ఇంజిన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే లోపల ఏ ముక్క అరిగిందో వినపడుతుంది. ముందు తను వినేవారు, తర్వాత పిడి నా చెవికి పెట్టి అడిగేవారు: "ఏం ఇనవడ్తుందిరా?" తప్పు చెబితే తిట్టేవారు కారు. ఆ భాగం మొత్తం విప్పి చూపించి, తిరిగి నాతోనే బిగింపించేవారు, అది తిట్టుకన్నా ఘోరం. సరిగ్గా చెబితే తన చాయ సగం సాసరులో పోసి నా వైపు జరిపేవారు. నోటితో మెచ్చుకున్నది నాకు గుర్తులేదు. బండి తెచ్చిన డ్రైవరు చెప్పేదంతా ఓపిగ్గా విని, వాడు బీడీకి బయటికి పోగానే నాతో మెల్లగా అనేవారు: "ఇంజిన్ అబద్ధమాడదు, నడిపేటోడు ఆడ్తడు."

యుద్ధం వచ్చింది. పెట్రోలు దొరక్క బస్సులకు వెనక బొగ్గు పొయ్యిలు కట్టి, ఆ గ్యాసుతో నడిపారు. పనివాళ్ళ కోసం అందరూ వెతుక్కునే రోజులవి. అఫ్జల్‌గంజ్ దగ్గర బస్సుల డిపోలో పెద్ద మిస్త్రీ నన్ను తీసుకుంటానన్నాడు, కాని మా పనిలో ఒక పద్ధతి ఉంది. నేర్పిన ఉస్తాద్ తానే వచ్చి, పనిచోట నలుగురి ముందు శాగిర్దు చేతిలో పానా పెట్టి, వీడికి పని వచ్చునని గవాహి చెప్పాలి. ఆ సాక్ష్యం లేనివాణ్ణి ఎవరూ ఇంజిన్ ముట్టనివ్వరు.

వెళ్ళి ఉస్తాద్‌ను అడిగాను. "ఇంక కాలేదు బేటా. నీ చెవి పక్కా కాలేదు" అన్నారు. కొన్నాళ్ళాగి మళ్ళీ అడిగాను, అదే మాట. నా వెనక చేరినవాళ్ళు వేరే కార్ఖానాల్లో కుదురుకున్నారు, నేను మాత్రం అక్కడే. ఇంట్లో మా బాపు ఊరుకుంటాడా? "బర్రె దూడ గూడ ఇంతకంటె జల్ది పాలు మరుస్తది" అనేవాడు, అందరూ అన్నం తినేచోట. నిజంగానే నాకు పని రాలేదేమోనన్న భయం మొదలైంది. సరిగ్గా బిగించిన నట్టును కూడా మళ్ళీ మళ్ళీ తడుముకునేవాణ్ణి.

ఒకరోజు ఒక వకీలు గారి కారు వచ్చింది. అది చేసే చప్పుడు సందు చివర పాన్ డబ్బా దాకా వినపడుతోంది. ఉస్తాద్ పేచ్‌కస్ చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఎప్పటిలాగే అడిగారు. నేను అటు తిరిగి డబ్బాలో నూనె పోస్తున్నాను. బేరింగు పోయిందన్నాను. జవాబు లేదు. గట్టిగా మళ్ళీ చెప్పాను. వకీలు గారి డ్రైవరు విని తలూపాడు, ఉస్తాద్ మాత్రం కదల్లేదు. తర్వాత కారు చుట్టూ తిరిగి నా ముందుకు వచ్చి, నా నోటి వైపు చూస్తూ అడిగారు: "ఏం ఇనవడ్తుందిరా?"

ఒకప్పుడు ఆ మాట అడుగుతూ ఆయన ఇంజిన్ వైపు చూసేవారు.

నాకు జాలి కలిగి ఉంటుందని మీరు అనుకోవచ్చు. లేదు, కోపం వచ్చింది, ఒళ్ళంతా మండింది. పక్కా కానిది నా చెవా, ఆయన చెవా? ఎప్పటినుంచి ఆ ప్రశ్న పాఠం కాకుండా పోయింది? నన్ను ఆపింది నా కోసం కాదన్నమాట. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగి, బేరింగు విప్పాను. కాని మనసులో ఉన్నది ఎక్కడో ఒకచోట బయటపడుతుంది కదా. నాకు తెలియకుండానే ఆయన ఎదురుగా నిలబడి, నోరు పెద్దగా తెరిచి మాట్లాడటం మొదలుపెట్టాను. అది చూసి, నాకు తెలిసిపోయిందని ఆయన గ్రహించారు. ఇద్దరమూ ఆ సంగతి ఎత్తలేదు. ఆ కొన్నాళ్ళు సాసరులో చాయ కూడా నాకు చేదుగానే ఉండేది.

ఒక సోమవారం ఆయన షేర్వాణీ వేసుకుని వచ్చారు. ఈద్‌కు తప్ప తీయని షేర్వాణీ అది. "నడువ్" అన్నారు. చార్మినార్ మీదుగా, నయాపుల్ దాటి డిపో దాకా నడిచాం. అక్కడ నా చేతిలో పానా పెట్టి, వీడికి పని వచ్చునన్నారు. పెద్ద మిస్త్రీ ఊరుకోకుండా, ఇంజిన్ విని చెప్పగలడా అని అడిగాడు. ఉస్తాద్‌కు అందలేదు, నా వైపు చూశారు. నేనే ఆ ప్రశ్నను నోరు తెరిచి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

"నా చెవులు పోయి మస్తు దినాలైంది మిస్త్రీ" అన్నారు ఆయన, నిదానంగా. "నా కార్ఖానల ఇన్నదంత వీడే. ఒక్క బండి గూడ తిరిగి రాలే."

డ్రైవర్లు, క్లీనర్లు అందరూ నిలబడి విన్నారు. ఉస్తాద్ నా భుజం తట్టి ఒక్కరే వెనక్కి నడిచి వెళ్ళిపోయారు.

సాయంత్రానికి ఆ మాట పాతబస్తీ అంతా పాకింది. చెవిటివాడి దగ్గర ఇంజిన్ ఎవరు విప్పిస్తారు? పెద్ద కార్లు రావడం మానేశాయి. పంక్చర్లు, బ్రేకులు, గ్రీసు పెట్టడం, చేతులతో కళ్ళతో అయ్యే పనులే మిగిలాయి. సెలవు రోజు నేను వెళ్ళి ఇంజిన్లు విని చెబుతానన్నాను. ఒప్పుకోలేదు. డిపో జీతం తినే చెవి డిపోకేనన్నారు. ఆ రోజు చెవుల సంగతి దాచి, వీడికి వినడం వచ్చునని ఒక్క మాట అంటే సరిపోయేది కదా అని ఒకసారి అడిగేశాను, కాస్త విసురుగానే. "సగం గవాహి గవాహి గాదు బేటా" అన్నారు. అంతే.

ఆయన నన్ను నా అవసరానికి మించి ఆపుకున్నారు. తర్వాత తన అన్నం పోగొట్టుకుని వదిలారు. ఈ రెండూ చేసింది ఒక్క మనిషే. ఏ ఒక్కదాన్నీ నేను మరిచిపోలేను.

పోయిన చలికాలం ఇంజిన్ కొత్తగా బిగించిన బస్సును పరీక్షకు తీశాను. ఏ దారిన వెళ్ళాలో నా ఇష్టమే కాబట్టి శాలిబండ వైపు తిప్పాను. ఉస్తాద్ బల్ల మీద కూర్చుని ట్యూబు గీకుతున్నారు, మనిషి సగమైపోయారు. బస్సును చూసి లేచి వచ్చారు. చెయ్యి లుంగీకి తుడుచుకుని అరచెయ్యి అదురుతున్న బానెట్ మీద పెట్టారు. ఎలా నడుస్తోందో చెబుదామని నేను ఎదురుగా వెళ్ళి నోరు తెరిచాను.

"చెప్పకు" అన్నారు, నా మొహం చూడకుండానే.

కళ్ళు మూసుకుని, ఒకప్పుడు పేచ్‌కస్‌తో విన్నట్టే అరచేతిని కొంచెం కొంచెంగా జరుపుతూ అలాగే నిలబడ్డారు. వెనక టాంగాల వాళ్ళు దారి కోసం ఒకటే లొల్లి పెడుతున్నారు. నేను ఇంజిన్ ఆపలేదు.